చెరపకు, దాచుకో

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఒరాయన్ నెబ్యులా ఫొటో, అదే ఆకాశంలోని ఆ వాయు ధూళి మేఘం ఫొటో, అందింది. "చెత్తగా వచ్చింది, చెరిపేస్తున్నాను. మంచి కెమెరా కొనుక్కున్నాకే మళ్లీ తీస్తాను" అని కింద రాశావు. 1,300 ఏళ్లకు పైగా ప్రయాణం చేసి మీ చిత్తూరు మేడ మీద వాలిన వెలుగును పట్టుకుని చెత్త అంటావా? చెరపకు. తేదీ వేసి దాచుకో.

నా మొదటి ఒరాయన్ ఇంతకంటే అధ్వానం. కపిలతీర్థం దగ్గర మా మేడ, పాత కెమెరా, 50 ఎంఎం లెన్సు, అరువు తెచ్చుకున్న స్టాండు. 30 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాను. చుక్కలన్నీ బియ్యపు గింజల్లా సాగిపోయాయి. నెబ్యులా ఉండాల్సిన చోట మరక. మీ అత్తయ్య చూసి, "లెన్సు మీద వేలు పెట్టారా?" అంది. ఆ తర్వాత ఏటా సంక్రాంతి వెళ్లాక వచ్చే అమావాస్యకు, అదే మేడ మీద, అదే లెన్సుతో, దాన్నే తీస్తున్నాను. ఇప్పటికి 11 అయ్యాయి.

నీ ఫొటోలో చుక్కలు సాగడానికి కారణం కెమెరా కాదు, భూమి తిరగడం. షట్టర్ ఎంతసేపు తెరవొచ్చో తెలియాలంటే 500ని లెన్సు ఎంఎంతో భాగించు, 50కి పది సెకన్లు. మన కెమెరాల్లో సెన్సారు చిన్నది కనుక దాన్ని మళ్లీ 1.5తో భాగించు. ఆరు సెకన్లు దాటకు. ఫోకస్‌కు రింగు మీది గుర్తును నమ్మవద్దు. ప్రకాశవంతమైన చుక్క ఒకదాన్ని వెనుక తెర మీద పదింతలు చేసుకుని, రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పు. గుమ్మడికాయంత చుక్క రేగుపండంత అవుతుంది, ఆవగింజంత అవుతుంది, మళ్లీ ఉబ్బడం మొదలెడుతుంది. ఒక వెంట్రుకవాసి వెనక్కి వచ్చి, రింగు కదలకుండా టేపు అంటించు. ఈ టేపు సంగతి తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక్క ఫొటోతో సరిపెట్టుకోకు. నాలుగు తీసి కలిపితే నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు, సగమవుతుంది, వంద కలిపితే పదో వంతు. కలపడానికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. చివర్లో లెన్సుకు మూత పెట్టి అవే ఆరు సెకన్లతో ఇరవై తీయి. తెల్లవారాక లెన్సు మీద ఉతికిన తెల్ల పంచె పరిచి ఆకాశం వైపు మరో ఇరవై తీయి. సెన్సారు లోపాలు, లెన్సు అంచుల చీకటి తీసేయడానికి అవి కావాలి.

ఏటేటా మెరుగవుతుందని మాత్రం అనుకోకు. అయిదో ఏడు ట్రాకర్ కొన్నాను, భూమి తిరిగే వేగానికి సరిగ్గా కెమెరాను తిప్పే యంత్రం. దాని ఇరుసును ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. మన వైపు ధ్రువుడు ఉత్తరాన పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మా మేడకు ఉత్తరాన ఉన్నది తిరుమల కొండ! అటు చూస్తే కొండ తప్ప చుక్క లేదు. ఆ ఏటి ఫొటో మొదటిదానికి తమ్ముడిలా వచ్చింది. ఆ డబ్బుకు మీ అత్తయ్య ఇప్పటికీ లెక్క అడుగుతుంది.

ఏడో ఏడు నెబ్యులా పక్కన లేత నీలం పొగ కనిపించింది. మంచు పట్టిందేమోనని లెన్సు తుడిచాను. పోలేదు. ఆ పొగ కూడా నెబ్యులానే. అనుమానం వచ్చి నాలుగో ఏడు తీసిన మూడు వందల రా ఫైళ్లను, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన అసలు ఫొటోలను, తిరగదోడి, అప్పటికి నేర్చుకున్న పద్ధతిలో మళ్లీ కలిపాను. అందులోనూ ఉంది! మూడేళ్లుగా నా కంప్యూటర్‌లోనే పడి ఉంది, తీయడం నాకు చేతకాలేదంతే. ఆ రాత్రి నిద్రపోతున్న మీ అత్తయ్యను లేపి మరీ చూపించాను. తిట్లు తిన్నాను.

నాకు కొండ అడ్డం గానీ, పాకాల దగ్గర మీ నాన్న మామిడి తోటకు నాలుగు దిక్కులూ తెరిచే ఉన్నాయి. ఒరాయన్ వెళ్లిపోతే ఏప్రిల్ అర్ధరాత్రి దక్షిణాన 29 డిగ్రీల ఎత్తుకు ఒమేగా సెంటారి అనే నక్షత్రాల గుంపు వస్తుంది. లండన్ వాళ్లకది దిగంతం దాటి పైకే రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు మబ్బులే, అప్పుడు పాత ఫైళ్లు తవ్వుకో.

పై అమావాస్యకు ట్రాకర్ తీసుకుని తోటకు వస్తాను. పంచె నేను తెస్తాను, టేపు నువ్వు తెచ్చుకో. మామిడి పూత మీద మంచు బాగా కురుస్తోందని మీ అమ్మ చెప్పింది, చెవులకు మఫ్లర్ కట్టుకుని రా.

ఇంతకీ, ఆ ఫొటో ఉందా, చెరిపేశావా?

ఇట్లు,
మీ మామయ్య