తలమీదికి దూకే బూడిదరంగు పిట్ట, దీపస్తంభం మీది పసుపుపొట్ట పిట్ట: రెండూ ఒకటేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టెక్సస్‌లో, ఫ్రిస్కోలోని మీ ఇంటి పెరట్లో ఒక బూడిదరంగు పిట్ట తులసికోటకు నీళ్ళు పోయడానికి వెళ్ళిన మీ అత్తగారి తలమీదికి దూకుతోంది. ఇంట్లో మిగిలినవాళ్ళ జోలికి రావడం లేదు. అర్ధరాత్రి దాటాక ఏదో పిట్ట ఆపకుండా పాడుతోంది. కిరాణా దుకాణం పార్కింగులో దీపస్తంభం మీద పసుపు పొట్ట ఉన్న మరో బూడిదరంగు పిట్ట కాకిని తరుముతూ కనిపించింది. ఒకరు కింగ్‌బర్డ్ అన్నారు, ఇంకొకరు మాకింగ్‌బర్డ్ అన్నారు. ఇవన్నీ ఒకటేనా, పొదలో ఉన్న గూడు తీసేయవచ్చా అని అడిగారు.

ఒకటి కాదు. పెరట్లో ఉన్నదీ రాత్రి పాడుతున్నదీ నార్తర్న్ మాకింగ్‌బర్డ్. పార్కింగులోది వెస్టర్న్ కింగ్‌బర్డ్. గూడు మాత్రం దయచేసి ముట్టుకోవద్దు. దాని సంగతి కింద వివరంగా రాస్తాను. నేను చాలా ఏళ్ళుగా మీ పక్క ఊరు ప్లేనోలో ఉంటున్నాను. ఈ రెండు పిట్టలూ మా వీధిలో గూళ్ళు పెడతాయి, వసంతం వచ్చిందంటే నా సాయంత్రాలన్నీ వాటితోనే గడుస్తాయి.

రంగుతో మొదలుపెడితే తికమక తప్పదు. కింగ్‌బర్డ్ పొట్ట పసుపే, కానీ అది తీగ మీద ఉండి మీరు కింద నిలబడితే, వెనక ఆకాశం వెలుగుకు ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది. ఒక ఐదు నిమిషాలు ఓపిగ్గా నిలబడి అది తిండి ఎలా సంపాదించుకుంటుందో చూడండి. అక్కడే తేలిపోతుంది.

కింగ్‌బర్డ్ ఎత్తయిన చోట నిటారుగా కూర్చుంటుంది. తీగ, కంచె, ఎండుకొమ్మ, స్తంభం, ఏదైనా సరే, చుట్టూ ఖాళీగా ఉండాలి. తల అటూ ఇటూ తిప్పుతూ ఉండి హఠాత్తుగా గాలిలోకి దూకుతుంది, ఎగిరే పురుగును గాలిలోనే అందుకుంటుంది, మళ్ళీ అదే చోటికో పక్క చోటికో వచ్చి వాలుతుంది. దగ్గరగా ఉంటే ముక్కు టక్కున మూసుకున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఒకసారి మా ఎదురింటి కంచె మీద ఒకటి పెద్ద తూనీగను పట్టుకొచ్చింది. దాన్ని అడ్డంగా కరుచుకుని కంచె చెక్కకేసి కుడివైపొకసారి, ఎడమవైపొకసారి బాదింది. ఒక రెక్క ఊడి గాలికి తిరుగుతూ గడ్డి మీద పడింది. తూనీగ కదలడం మానేశాక తల పైకెత్తి, నిలువుగా తిప్పుకుని మింగేసింది. అరగని పురుగు పెంకులను ఈ పిట్టలు తరవాత ఉండలుగా కక్కేస్తాయి. వాటి ఇష్టమైన స్తంభం కింద వెతికితే అవి దొరుకుతాయి.

మన తెలుగు ఊళ్ళలో కరెంటు తీగల మీద, గేదెల వీపుల మీద కూర్చుని ఇదే పని చేసే పిట్టను మీరు చూసే ఉంటారు. పసులపోలిగాడు, ఏట్రింత అంటాం. గద్ద వచ్చినా, కాకి వచ్చినా తనకన్నా ఎంత పెద్దదైనా వెనకడుగు వేయదు. కింగ్‌బర్డ్‌కూ దానికీ చుట్టరికం ఏమీ లేదు. అది వేరే ఖండం, వేరే కుటుంబం. అయినా బతుకుతెరువు ఒకటే కావడంతో నడతా ఒకటే అయింది. ఏట్రింతను ఎరిగినవాళ్ళు కింగ్‌బర్డ్‌ను మొదటిసారి చూసినా పోల్చుకోగలరని నా నమ్మకం.

మాకింగ్‌బర్డ్ తిండి దారి వేరు. అది నేలమీది పిట్ట. కత్తిరించిన గడ్డిలో నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది, తోక పైకెత్తుతుంది, పురుగు కనిపిస్తే పొడుస్తుంది. ఆగినప్పుడు కొన్నిసార్లు రెండు రెక్కలనూ సగం విప్పి, ఒక క్షణం ఆగి, ఇంకొంచెం విప్పి, మళ్ళీ ఆగి, మెట్లు ఎక్కినట్టు పైకి లేపుతుంది. అప్పుడు రెక్కల్లోని తెల్లటి మచ్చలు తళుక్కున మెరుస్తాయి. గడ్డిలో దాక్కున్న పురుగులను బెదిరించడానికని కొందరు శాస్త్రజ్ఞులంటారు, హద్దులు చాటుకోవడానికని మరికొందరంటారు. వాళ్ళలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. కారణం ఏదైనా, పచ్చిక మీద ఇలా రెక్కలు విప్పే బూడిదరంగు పిట్ట మీ పెరట్లో కనిపిస్తే ఇక సందేహపడనక్కరలేదు.

నడత చూశాక రంగు చూడండి. మాకింగ్‌బర్డ్ పైభాగం బూడిదరంగు, కింద మాసిన తెలుపు. రెక్క మీద రెండు తెల్ల చారలు, పొడవైన తోక, తోక అంచుల్లో తెలుపు, లేత పసుపు కన్ను, కొద్దిగా వంగిన సన్నని ముక్కు. వెస్టర్న్ కింగ్‌బర్డ్‌కు తల బూడిదరంగు, పొట్ట నిమ్మపండు పసుపు, తోక నలుపు. ఆ నల్ల తోక రెండు పక్కలా సన్నటి తెల్ల గీత ఉంటుంది. ముక్కు బలంగా, తిన్నగా, నల్లగా ఉంటుంది. రెక్కల్లో తెల్ల మచ్చ ఉండదు. నడినెత్తిన ఎర్రని ఈకలు దాగి ఉంటాయి గానీ, కోపం వచ్చినప్పుడు తప్ప అవి బయటపడవు. వాటిని చూడాలని పట్టు పట్టకండి.

ఇక్కడ టెక్సస్‌లో కింగ్‌బర్డ్ కుటుంబంవే ఇంకో రెండు కనిపిస్తాయి. ఈస్టర్న్ కింగ్‌బర్డ్ పైన నలుపు, కింద తెలుపు, తోక చివర తెల్లటి పట్టీ. చలికాలంలో అది దక్షిణ అమెరికాకు, అమెజాన్ అడవుల దాకా వెళ్ళి అక్కడ ఎక్కువగా పళ్ళు తిని బతుకుతుంది. ఇక్కడ పురుగు కోసం గాలిలో గిరికీలు కొట్టే పిట్ట అక్కడ గుంపులుగా పళ్ళచెట్ల మీద వాలుతుందని తెలిసినప్పటి నుంచి దానిమీద నాకు గౌరవం పెరిగింది. రెండోది సిజర్‌టెయిల్డ్ ఫ్లైక్యాచర్, కత్తెరలా చీలిన పొడవైన తోక, పొరుగున ఉన్న ఓక్లహోమా రాష్ట్రపక్షి. దాన్ని వేరే దేనితోనూ పొరబడరు. ఇక బూడిదరంగు ఒంటికి కళ్ళమీదుగా వెడల్పాటి నల్ల పట్టీ, కొక్కెంలా వంగిన ముక్కు ఉంటే అది ష్రైక్ అనే వేరే పిట్ట. దూరం నుంచి దాన్ని మాకింగ్‌బర్డ్ అనుకునేవాళ్ళు చాలామంది.

నెలలు కూడా గుర్తుపెట్టుకోండి. వెస్టర్న్ కింగ్‌బర్డ్ ఏప్రిల్‌లో వచ్చి, ఎండాకాలం ముగిసేసరికి మెక్సికో, మధ్య అమెరికా వైపు వెళ్ళిపోతుంది. మాకింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. డిసెంబరులో పెరట్లో కనిపిస్తే కింగ్‌బర్డ్ అయ్యే అవకాశం దాదాపు లేదు. 1927 నుంచి టెక్సస్ రాష్ట్రపక్షి మాకింగ్‌బర్డే. ఫ్లోరిడా, ఆర్కన్సా, టెనెసీ, మిసిసిపీ కూడా దాన్నే ఎంచుకున్నాయి.

రాత్రి పాట సంగతి. జత దొరకని మగపిట్టే సాధారణంగా రాత్రులు పాడుతుంది, వెన్నెల రాత్రుల్లో మరీ ఎక్కువ. ఒక మగపిట్ట జీవితకాలంలో రెండు వందల దాకా పాటలు నేర్చుకోగలదు. అది ఒక్కో ముక్కను మూడు నాలుగు సార్లో ఇంకా ఎక్కువసార్లో అని, కొంచెం ఆగి, ఇంకో ముక్క అందుకుంటుంది. మా ఇంటి దగ్గరిది వేరే పిట్టలను అనుకరిస్తూ బ్లూ జే అరుపు, కార్డినల్ ఈల, కిల్‌డీర్ కేక వరసగా వినిపించి, మధ్యలో కారు అలారం కూడా కలుపుతుంది. ఆడపిట్టలూ పాడతాయి, ముఖ్యంగా శరదృతువులో. కింగ్‌బర్డ్ అలా కాదు. దాని నోట్లో కీచుమనే గబగబ కబుర్లే తప్ప పాట ఉండదు. కూతను పక్కవాళ్ళ దగ్గర నేర్చుకునే అలవాటు ఆ కుటుంబంలో దాదాపు కనిపించదు. ఆ కుటుంబానికే చెందిన ఫీబీ అనే పిట్ట పిల్లలను పెద్ద పిట్టల కూత వినపడకుండా పెంచినా, అవి తమ జాతి కూతే కూశాయి. మీకు నిద్ర పట్టకపోతే కిటికీ మూసి ఫ్యాను వేసుకోండి. జత కుదిరితే రాత్రి కచేరీ చాలావరకు తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: అత్తగారి మీదికే ఎందుకు? ఆవిడను అది గుర్తుపడుతోంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2009లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ ప్రాంగణంలోనే దీన్ని పరీక్షించారు. ఒక మనిషి రోజుకు 30 సెకన్ల చొప్పున వరసగా నాలుగు రోజులు గూటి దగ్గర నిలబడి, అందులో 15 సెకన్లు గూటిమీద చెయ్యి పెట్టాడు. రోజురోజుకూ పిట్టలు అతన్ని ఇంకా దూరంలో ఉండగానే చూసి లేచి అరవడం, దాడి చేయడం మొదలుపెట్టాయి. ఐదో రోజు వేరే మనిషి వస్తే మొదటి రోజులాగే ఊరుకున్నాయి. ఆ ప్రాంగణంలో రోజూ ఎంతోమంది విద్యార్థులు తిరుగుతున్నా, ముప్పు తెచ్చిన మనిషిని మాత్రం అవి విడిగా గుర్తుపెట్టుకున్నాయి. మీ అత్తగారు రోజూ ఒకే వేళకు గూడున్న పొద పక్కకు వెళ్ళి, అక్కడే నిలబడి నీళ్ళు పోసి, ప్రదక్షిణ చేస్తున్నారు. పిట్ట లెక్కలో ఆవిడ గూటి చుట్టూ తిరుగుతున్న మనిషి. ఆవిడతో ఈ మాట చెప్పండి. ఏదో అపశకునమని మనసు కష్టపెట్టుకోకుండా ఉంటారు. పిల్లల్ని కాపాడుకునే తల్లిదండ్రులంటే ఎవరికైనా జాలే కదా.

ఈ గొడవ ఎల్లకాలం ఉండదు. గుడ్లు పొదగడానికి 12, 13 రోజులు, పిల్లలు గూట్లో ఉండేది సుమారు 12 రోజులు, బయటికి వచ్చాక ఇంకొన్నాళ్ళు. తులసికోట ఇటుకలతో కట్టింది కాకుండా కుండీ అయితే, అన్నాళ్ళు పెరట్లో రెండో వైపుకు జరపండి, ఆ ఒక్క పనితోనే మా పక్కింట్లో గొడవ సద్దుమణిగింది. జరపలేకపోతే ఆవిడ గొడుగు పట్టుకునో టోపీ పెట్టుకునో వెళ్ళాలి. దాడి దాదాపు ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది కాబట్టి పొదవైపు ముఖం పెట్టి నడిస్తే పిట్ట అరుస్తుందే తప్ప మీదికి రాదు. చేతులు విసరడం, చీపురు ఝాడించడం వద్దు, పగ ఇంకా పెరుగుతుంది. అది ఒక ఏడాదిలో రెండు మూడు ఈతలు పెట్టగలదు. కాబట్టి పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూడు తీసేసి పొదను కొంచెం కత్తిరిస్తే, తరవాతి గూడు ఇంకెక్కడైనా కట్టుకోవచ్చు. గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్న గూడును కదిపితే 1918 నాటి అమెరికా వలసపక్షుల ఒప్పంద చట్టం ప్రకారం నేరం. మాకింగ్‌బర్డ్ వలస పోకపోయినా ఆ చట్టం దానికీ వర్తిస్తుంది.

ఒక్క మాట మిగిలింది. కొద్ది రోజుల్లో గడ్డిలో రొమ్ము మీద మచ్చలున్న, పొట్టి తోక పిల్ల ఒకటి సరిగ్గా ఎగరలేక గెంతుతూ కనిపిస్తుంది. గాయపడిందని ఇంట్లోకి తీసుకురాకండి. ఎగరడం పూర్తిగా రాకముందే గూడు వదలడం వాటి పద్ధతి, తల్లిదండ్రులు పక్కనే ఉండి మేపుతుంటాయి. ఈకలు రాని పిల్ల కింద పడితే మాత్రం మెల్లగా తీసి గూట్లో పెట్టండి, మనిషి చెయ్యి తగిలిందని తల్లి వదిలేయదు. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఆ రెండు మూడు వారాలు పెరట్లోకి వదలకండి.