సాంస్కృతిక భూగోళశాస్త్రంలో పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

ఊరి పేర్లతో మొదలుపెట్టండి. మనుషులు నేలను ఎలా మలిచారు, ఆ నేల వాళ్ల బతుకును ఎలా మలిచింది అన్నదే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న. 1925లో కార్ల్ సావర్ అనే అమెరికన్ ఆచార్యుడు, ప్రకృతి దృశ్యాన్ని సంస్కృతి చేతిపనిగా చదవాలని వాదించాడు. తర్వాతివాళ్లు ఆయనతో గట్టిగానే తగవు పడ్డారు, అది వేరే కథ.

అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. సముద్రం ఎక్కడో, ఆ ఊరెక్కడో! కానీ అక్కడ సముద్రమంటే పెద్ద చెరువు. వానలు తక్కువ పడే సీమలో చెరువు తవ్వించడం రాజుకు కీర్తి, రైతుకు పంట. ఆ ఒక్క పేరులో వాతావరణం, విజయనగర పాలన, వ్యవసాయం మూడూ ఉన్నాయి. గోదావరి పాయల మధ్య ఊళ్లకు ‘లంక’ ఎందుకు వచ్చిందో, ఉత్తరాంధ్రలో ‘వలస’తో ముగిసే పేర్లు అన్ని ఎందుకున్నాయో ఇలాగే అడగవచ్చు.

ఒక మండలం చాలు. జనగణన గ్రామాల జాబితా, సర్వే ఆఫ్ ఇండియా పటం పక్కపక్కన పెట్టుకుని, ఒకే ముగింపు ఉన్న పేర్లకు ఒకే రంగు చుక్క పెట్టండి. చుక్కలు వాగు వెంట వచ్చాయా, గుట్టల వెంటా? పటాలు గీసే సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు; చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు ఊరికి వెళ్లి, పెద్దవాళ్లను పొలాల పేర్లు అడగండి. ‘కుమ్మరికుంట’ అని చూపించిన చోట ఇప్పుడు ఇళ్లే ఉంటే, ఆ కుంట ఎప్పుడు పూడింది, కుమ్మరులు ఎటు వెళ్లారు అన్నదే మీ పరిశోధనాంశం.