ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో: లెక్కకు 14 గంటలు, టికెట్‌లో 16 గంటలు ఎందుకు?

ఇంట్లో పెద్దవాళ్లను ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పంపుతూ, దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే గంటలకీ టికెట్‌లో గంటలకీ పొంతన లేదేమని అడిగారు. మీ లెక్కలో తప్పేమీ లేదండీ. 12,400 కిలోమీటర్లను గంటకు 900 చొప్పున భాగిస్తే 14 గంటల లోపే వస్తుంది. మరి టికెట్‌లో 16 గంటలు, తిరుగు ప్రయాణానికి ఇంకా ఎక్కువ ఎందుకు చూపిస్తున్నారని కదా మీ అనుమానం. మొదటిసారి బుక్ చేసినప్పుడు నాకూ ఇదే వచ్చింది.

ఆ 12,400 అనేది గ్లోబు మీద దారం బిగించి కొలిచే దూరం. మా అమ్మాయి గ్లోబు తీసుకుని చేసి చూశాను. దారం పసిఫిక్ వైపు పోనే పోలేదు. చైనా, సైబీరియా దాటి, ఆర్కిటిక్‌ను తాకి, అలాస్కా వైపు నుంచి కిందికి దిగింది. విమానం మాత్రం అచ్చంగా ఆ దారం వెంట పోదు. గాలిని చూసుకుంటుంది, మూసేసిన గగనతలాలుంటే చుట్టూ తిరుగుతుంది.

అసలు కథంతా గాలిదే. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరుగా. వెళ్లేటప్పుడు జపాన్ దాటాక సీటు ముందు స్క్రీన్‌లో వేగం 1,080 చూపించింది. వచ్చేటప్పుడు ఒక దశలో 770కి పడిపోయింది. విమానం అదే, ఇంజన్లూ అవే! 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే రూటును అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లయితే, ఇది 15,300. అయినా వెనక నుంచి గాలి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. దూరాన్ని బట్టే టైమ్ అనుకుంటే ఇక్కడే దెబ్బతింటాం.

ఇంకో సంగతి, టికెట్‌లో టైమ్ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు చేరేదాకా. రన్‌వే కోసం క్యూలో నిలబడేదీ అందులోనే.

గడియారంతో కంగారు పడకండి. రెండు ఊళ్ల టైముకీ వేసవిలో తేడా పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. నేను వేసవిలో తెల్లవారుజామున 4కి బయల్దేరి, పదిహేనున్నర గంటలు కూర్చుని, అదే రోజు ఉదయం 7కి దిగాను. మూడు గంటల్లో అమెరికా వచ్చేశానని ఇంట్లో వాళ్లకి జోక్ చేశాను కానీ, పాదాలు వాచి షూ ఎక్కలేదు. రెండు టైములనూ మన టైముకి మార్చుకుని తీసేస్తే అసలు గంటలు తెలుస్తాయి.

పెద్దవాళ్లను పంపుతున్నారు కాబట్టి, ఒకసారి విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌అవేర్ వెబ్‌సైట్‌లో ఆ ఫ్లైట్ నంబరు కొట్టి, గత వారం రోజుల్లో నిజంగా ఎన్ని గంటలు పట్టిందో చూడండి. అవతల వాళ్లను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు బయల్దేరాలో టికెట్ కంటే అదే బాగా చెబుతుంది.