సున్నా దగ్గర ఆగిపోయే మార్కుల జాబితా

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. పేరెంట్స్ మీటింగ్‌కి యూనిట్ టెస్ట్ మార్కుల జాబితా ప్రింట్ తీసుకునేందుకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో ఒక చిన్న పేజీ సొంతంగా రాసుకున్నాను. ఎనిమిదో తరగతి జాబితా పూర్తిగా వస్తోంది. తొమ్మిదో తరగతిలో 42 మంది ఉంటే 17 మంది దాకా వచ్చి ఆగిపోతోంది. ఎర్రర్ ఏమీ కనిపించడం లేదు. డేటాబేస్‌ని చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూస్తే మార్కులన్నీ ఉన్నాయి. ముందు ఒక క్వెరీతో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) పేర్లన్నీ అరేలోకి (విలువల వరుస) తెచ్చుకుంటున్నాను. తర్వాత ఇంకో క్వెరీ నడిపి, వైల్ లూప్‌లో (షరతు నిజమైనంతసేపు తిరిగే కోడ్) పీడీవో (పీహెచ్‌పీని డేటాబేస్‌తో కలిపే భాగం) ఫెచ్‌కాలమ్‌తో ఒక్కో మార్కు తీసి వరుసగా పేరు పక్కన ప్రింట్ చేస్తున్నాను. పరీక్ష రాయని వారికి మార్కుల టేబుల్‌లో రికార్డు వేయలేదు. కోడ్ జతచేశాను. ఎక్కడుంది తప్పు?

జవాబు: టీచర్ గారూ, మీ కోడ్ మొత్తం చదివాను. మార్కుల టేబుల్‌లో ఆ తరగతి తాలూకు పద్దెనిమిదో రికార్డు తీసి చూడండి. అక్కడ సున్నా ఉంటుంది. లూప్ ఆగింది ఆ సున్నా దగ్గరే. దాని కింద ఉన్న పిల్లలంతా అందుకే కనిపించకుండా పోయారు. ఎనిమిదో తరగతిలో ఎవరికీ సున్నా రాలేదు కాబట్టి ఆ జాబితా చివరిదాకా నడిచింది.

వైల్ బ్రాకెట్లలో మీరు పెట్టింది ఒకే ఒక ఈక్వల్స్ గుర్తు. అక్కడ రెండు పనులు జరుగుతాయి. ముందు డేటాబేస్ నుంచి తర్వాతి మార్కు వచ్చి వేరియబుల్‌లో పడుతుంది. తర్వాత, పడిన ఆ విలువ నిజమా అబద్ధమా అని పీహెచ్‌పీ చూస్తుంది. రికార్డులు అయిపోయినప్పుడు ఫెచ్‌కాలమ్ ఫాల్స్ ఇస్తుంది, లూప్ ఆగుతుంది. మనకు కావలసింది అదే. కానీ పీహెచ్‌పీకి ఫాల్స్ ఒక్కటే అబద్ధం కాదు. సున్నా అంకె, కోట్స్‌లో ఉన్న సున్నా, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేమీ లేని పాఠం), నల్ (విలువే లేకపోవడం), ఖాళీ అరే, ఇవన్నీ అబద్ధాలే. పిల్లాడికి సున్నా వస్తే "రికార్డులు అయిపోయాయి" అని లూప్ అనుకుంటుంది. ఎర్రర్ ఎందుకు రాలేదంటే, పీహెచ్‌పీ దృష్టిలో అక్కడ తప్పేమీ జరగలేదు.

మీ కాలమ్ పూర్ణాంకాల కాలమ్ కాబట్టి ఇది త్వరగా బయటపడింది. అదే డెసిమల్ కాలమ్ పెట్టి ఉంటే సున్నా మార్కు 0.0 అనే స్ట్రింగ్‌గా వచ్చేది. ఆ స్ట్రింగ్‌ని పీహెచ్‌పీ నిజం కిందే లెక్కవేస్తుంది, లూప్ ఆగదు. ఒక టేబుల్‌తో బాగా నడిచిన కోడ్ ఇంకో టేబుల్ దగ్గర ఎందుకు మొండికేసిందో అర్థం కాక చాలామంది సతమతమయ్యేది ఇలాంటి చోటే.

వెంటనే చేయాల్సిన మార్పు చిన్నది. వచ్చిన విలువ ఫాల్సేనా కాదా అని కచ్చితంగా పోల్చండి.

వైల్ (($మార్కు = $ఫలితం->ఫెచ్‌కాలమ్()) !== ఫాల్స్)

ఆశ్చర్యార్థకం తర్వాత రెండు ఈక్వల్స్ ఉండాలి. లోపలి బ్రాకెట్లు కూడా తప్పనిసరి. అవి లేకపోతే మార్కు బదులు పోలిక ఫలితం వేరియబుల్‌లో పడుతుంది. వైల్, ఫెచ్‌కాలమ్, ఫాల్స్ లాంటివి ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో పెట్టుకున్నా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది.

అయితే మీరు ఇక్కడితో ఆగితే నాకు మనశ్శాంతి ఉండదు. మీ పేజీలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసు లేదు. పేర్లు ఒక క్వెరీ నుంచి, మార్కులు ఇంకో క్వెరీ నుంచి తెచ్చి, మొదటి పేరు పక్కన మొదటి మార్కు, రెండో పేరు పక్కన రెండో మార్కు పెడుతున్నారు. పరీక్ష రాయనివారికి రికార్డే లేదంటున్నారు. తొమ్మిదో నంబరు అమ్మాయి ఆ రోజు బడికి రాలేదనుకుందాం. పదో నంబరు మార్కు ఆ అమ్మాయి పేరు పక్కకు వస్తుంది. అక్కడినుంచి కింద అందరి మార్కులూ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. జాబితా ఆగిపోతే కంటికి కనబడుతుంది, మార్కులు జరిగితే ఎవరికీ కనబడదు. ఎనిమిదో తరగతి జాబితా పూర్తిగా వచ్చిందన్నారు కదా, అందులో పరీక్షకు రానివాళ్లు ఎవరైనా ఉన్నారేమో హాజరు పట్టికతో పోల్చి చూడండి. తల్లిదండ్రుల చేతికి ఇచ్చేముందే చూడండి.

పైగా రెండు క్వెరీల్లోనూ వరుసను చెప్పే ఆర్డర్ బై లేదు. ఆర్డర్ బై రాయకపోతే రికార్డులు ఏ వరుసలో ఇవ్వాలన్నది డేటాబేస్ ఇష్టం. ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే విలువ) వరుసలో వస్తున్నట్టు చాలాకాలం కనిపిస్తుంది. త్వరగా వెతకడానికి ఒక ఇండెక్స్ కొత్తగా చేరిస్తే ఆ వరుస మారిపోవచ్చు.

కాబట్టి రెండు క్వెరీలూ తీసేసి ఒక్కటే రాయండి. విద్యార్థుల టేబుల్‌తో మొదలుపెట్టి, రోల్ నంబరు ఆధారంగా మార్కుల టేబుల్‌ని లెఫ్ట్ జాయిన్ చేయండి. చివర రోల్ నంబరు మీద ఆర్డర్ బై పెట్టండి. లెఫ్ట్ జాయిన్ వల్ల మార్కుల రికార్డు లేని పిల్లలు కూడా జాబితాలో ఉంటారు, వాళ్ల మార్కు నల్‌గా వస్తుంది. ఇక్కడొక జాగ్రత్త. "ఫలానా యూనిట్ టెస్ట్" అనే షరతును మొత్తం ఫలితాన్ని వడకట్టే వేర్‌లో రాయకండి, జాయిన్ షరతు ఉండే ఆన్‌లో రాయండి. వేర్‌లో రాస్తే నల్ ఉన్న రికార్డులన్నీ వడకట్టుకుపోయి, పరీక్ష రాయని పిల్లలు మళ్లీ మాయమవుతారు. తరగతి షరతు విద్యార్థుల టేబుల్‌ది కాబట్టి అది వేర్‌లోనే ఉండొచ్చు.

తర్వాత ఫెచ్‌కాలమ్ బదులు ఫెచ్ వాడి, ఫెచ్ అసోక్ మోడ్‌లో (కాలమ్ పేర్లతో) రికార్డు మొత్తాన్ని తీసుకోండి. అప్పుడు వేరియబుల్‌లో పడేది రోల్ నంబరు, పేరు, మార్కు ఉన్న అరే. లోపల మార్కు సున్నా అయినా అరే ఖాళీ కాదు కాబట్టి లూప్ ఆగదు. పుస్తకాల్లో కనిపించే మామూలు వైల్ లూప్ ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం ఇదే.

ప్రింట్ చేసే చోట కూడా సున్నాకీ నల్‌కీ తేడా పోనివ్వకండి. విలువ ఖాళీయా కాదా చూసే ఎంప్టీ ఫంక్షన్‌తో పరీక్షిస్తే సున్నా వచ్చిన పిల్లాడిని కూడా గైర్హాజరు అని రాసేస్తుంది. రెండు ఈక్వల్స్‌తో నల్‌తో పోల్చినా అంతే, పీహెచ్‌పీలో సున్నా అంకె, నల్ సమానమని వస్తుంది. మూడు ఈక్వల్స్ వాడండి, లేదా విలువ నల్ అయితే బదులు విలువ ఇచ్చే రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్ వాడండి. మార్కు తర్వాత రెండు ప్రశ్నార్థకాలు పెట్టి, కోట్స్‌లో గైర్హాజరు అని రాస్తే చాలు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న పిల్లవాడు, పరీక్షకే రాని పిల్లవాడు మీ ముందుకు వేర్వేరు అవసరాలతో వస్తారు. జాబితా వాళ్లిద్దరినీ ఒకటి చేయకూడదు.

ప్రశ్న: మేడమ్, ఫెచ్ వాడి, వచ్చిన రికార్డు మీద ఫర్‌ఈచ్ (ఒక్కో విలువనూ తీసే లూప్) పెట్టి కాలమ్‌లన్నీ ప్రింట్ చేస్తే ప్రతి విలువా రెండేసి సార్లు వస్తోంది. టేబుల్‌లో మాత్రం ఒక్కసారే ఉంది. – బీసీఏ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: టేబుల్ బాగానే ఉందమ్మా. పీడీవోలో ఏ మోడ్ కావాలో చెప్పకపోతే ఫెచ్ బోత్ వర్తిస్తుంది. అంటే ప్రతి విలువనూ కాలమ్ పేరుతో ఒకసారి, అంకెతో ఒకసారి అరేలో పెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌ని వాడే ఇంకో మార్గమైన మైఎస్‌క్యూఎల్‌ఐలో ఫెచ్ అరే కూడా ఇదే పని చేస్తుంది. కనెక్షన్ తెరిచేటప్పుడే డిఫాల్ట్ ఫెచ్ మోడ్‌ని అసోక్ అని పెట్టేసుకో. ఇంకెక్కడా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్ మాన్యువల్‌లో మైఎస్‌క్యూఎల్ క్వెరీ, మైఎస్‌క్యూఎల్ ఫెచ్ అరే అని ఉంది. అలాగే టైప్ చేస్తే "అన్‌డిఫైన్డ్ ఫంక్షన్" అని వస్తోంది. పాత వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకోమని సీనియర్లు అంటున్నారు. ఎక్స్‌టర్నల్స్ దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. – డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: టెన్షన్ పడకు, నీ టైపింగ్‌లో తప్పు లేదు. ఆ ఫంక్షన్లను 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5తోనే వాడొద్దని ప్రకటించారు. 2015 డిసెంబరులో విడుదలైన పీహెచ్‌పీ 7.0లో పూర్తిగా తొలగించారు. ఇప్పటి సర్వర్లలో అవి ఉండవు. పాత వెర్షన్ పెట్టుకోమన్న సలహా మాత్రం వినకు. భద్రతా సవరణలు ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకున్నది రేపు ఏ ఉద్యోగంలోనూ పనికిరాదు.

నీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి పీహెచ్‌పీ 5.0తో 2004లో వచ్చిన మైఎస్‌క్యూఎల్‌ఐ, రెండోది 5.1తో 2005లో వచ్చిన పీడీవో. ఎక్స్‌టర్నల్ దగ్గర పడింది కాబట్టి ఇప్పటికి మైఎస్‌క్యూఎల్‌ఐ తీసుకో, మాన్యువల్‌లోని ప్రోగ్రాములకు అది దగ్గరగా ఉంటుంది. కానీ పేరు చివర ఐ తగిలిస్తే పని అయిపోదు. పాత క్వెరీ ఫంక్షన్‌లో ముందు క్వెరీ రాసేవాళ్లు, కనెక్షన్ ఇవ్వకపోయినా నడిచేది. కొత్తదానిలో ముందు కనెక్షన్ ఇవ్వాలి, తర్వాత క్వెరీ. నీ క్లాస్‌మేట్స్ ఎక్కువమంది తట్టుకుని పడేది ఇక్కడే, వాళ్లకూ చెప్పు.

పరీక్ష అయ్యాక మాత్రం పీడీవో మీద కూర్చో. మాన్యువల్‌లో యూజర్ టైప్ చేసిన పేరును నేరుగా క్వెరీలో అతికించిన ప్రోగ్రాములు ఉంటే, వాటన్నిటినీ, క్వెరీని ముందే సిద్ధం చేసి విలువలను విడిగా పంపే ప్రిపేర్, ఎగ్జిక్యూట్ పద్ధతిలో నువ్వే తిరగరాయి. నీకు నేను ఇవ్వగలిగిన మంచి హోంవర్క్ అది.

ప్రశ్న: విజయవాడలో ఒక బట్టల హోల్‌సేల్ దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. ఏడాది బిల్లులన్నీ సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టిక) కావాలని ఆడిటర్ అడిగారు. ఫెచ్‌ఆల్‌తో తెచ్చి ఫర్‌ఈచ్ తిప్పుతున్నాను, లూప్‌లో ప్రతి బిల్లుకూ పార్టీ పేరు కోసం ఇంకో క్వెరీ ఉంది. "134217728 బైట్లు అయిపోయాయి" అని ఫాటల్ ఎర్రర్ వస్తోంది. మెమరీ లిమిట్ పెంచితే ఈ ఏడాదికి గట్టెక్కుతానేమో, వచ్చే ఏడాది సంగతేంటి?

జవాబు: మీ చివరి వాక్యం చదివి సంతోషం వేసింది. చాలామంది లిమిట్ పెంచేసి ఊరుకుంటారు.

ఆ సంఖ్య 128 ఎంబీ, పీహెచ్‌పీలో మెమరీ లిమిట్ డిఫాల్ట్ విలువ. ఫెచ్‌ఆల్ అంటే గోడౌన్‌లో ఉన్న మూటలన్నీ ఒకేసారి కొట్టు గదిలోకి దించడం. ఒక్కో బిల్లు రాసి వదిలేసే పనికి అన్నీ ఒకేసారి చేతిలో ఉండనక్కర్లేదు. కాబట్టి ఫెచ్‌ఆల్ తీసేసి, వైల్ లూప్‌లో ఫెచ్‌తో ఒక్కో రికార్డు తీసుకుని ఎఫ్‌పుట్‌సీఎస్‌వీతో ఫైలులోకి రాయండి.

అలా మార్చినా ఎర్రర్ పోకపోవచ్చు. చాలామందికి ఇక్కడే నమ్మకం సడలుతుంది. పీడీవో మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ మామూలుగా బఫర్డ్ పద్ధతిలో నడుస్తుంది. మీరు ఒక్కో రికార్డు అడిగినా, క్వెరీ నడిచిన క్షణంలోనే ఫలితం మొత్తం సర్వర్ నుంచి పీహెచ్‌పీ వైపు వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడే మైఎస్‌క్యూఎల్ఎన్‌డీ లైబ్రరీలో ఆ బఫర్ కూడా మెమరీ లిమిట్ లెక్కలోకే వస్తుంది. బఫర్డ్ క్వెరీ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే రికార్డులు అడిగినకొద్దీ వస్తాయి.

ఆ సెట్టింగ్ మార్చగానే లూప్‌లో ఉన్న పార్టీ పేరు క్వెరీ ఎర్రర్ ఇస్తుంది. ఒక ఫలితం పూర్తిగా చదవకుండా అదే కనెక్షన్ మీద ఇంకో క్వెరీ నడపడం కుదరదు. ఎర్రర్ వచ్చిందని సెట్టింగ్ వెనక్కి మార్చకండి, ఆ లోపలి క్వెరీనే తీసేయండి. లక్ష బిల్లులుంటే పార్టీ పేర్ల కోసమే సర్వర్ దగ్గరికి లక్ష సార్లు వెళ్లివస్తున్నారు. పార్టీల టేబుల్‌ని జాయిన్ చేస్తే పేరు బిల్లుతోనే వస్తుంది. రెండు టేబుళ్లలోనూ నేమ్ అనే కాలమ్ ఉంటే యాజ్‌తో వేరే పేర్లు పెట్టండి. లేకపోతే అసోక్ అరేలో రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది, బిల్లుల టేబుల్‌లోని నేమ్ సేల్స్‌మన్‌ది అనుకుంటే, అతని పేరున్న చోట పార్టీ పేరు పడుతుంది. ఆడిటర్‌కు ఇచ్చే ఫైలులో అది చిన్న విషయం కాదు. నెలవారీ మొత్తాలు కూడా కావాలంటే లూప్‌లో కూడకండి, సమ్, గ్రూప్ బై రాసి డేటాబేస్‌నే అడగండి.

అన్‌బఫర్డ్ వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. బిల్లు ఐడీ వరుసలో అయిదేసి వేలు తెచ్చుకోండి. ప్రతిసారీ "చివరగా రాసిన ఐడీ కంటే పెద్దవి" అని వేర్‌లో షరతు పెట్టండి. ఆఫ్‌సెట్ (ఇన్ని రికార్డులు వదిలి తర్వాతివి ఇమ్మనడం) వాడితే, ముందుకు వెళ్లేకొద్దీ వదలాల్సిన రికార్డులన్నిటినీ ప్రతిసారీ దాటుకుంటూ పోవాలి కాబట్టి నెమ్మదిస్తుంది. దుకాణం తెరిచి ఉండగా ఈ ఫైలు తీయాల్సి వస్తే నేనైతే ఈ పద్ధతే వాడతాను. మధ్యలో ఆగిపోయినా చివరి ఐడీ నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

పార్టీ పేర్లు తెలుగులో ఉంటే కనెక్షన్‌లో క్యారెక్టర్ సెట్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వండి. ఫైలు మొదట్లో మూడు బైట్ల బీఓఎం (ఫైలు యూనికోడ్‌లో ఉందని చెప్పే గుర్తు) కూడా రాయండి. అది లేకుండా ఆడిటర్ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపించే అవకాశం ఎక్కువ.