బెజవాడ ఎండల్లో ఉంటూ డి విటమిన్ తగ్గడమేంటి?

ప్రశ్న: నా వయసు 44. బందరు రోడ్డులో ఒక షాపులో అకౌంట్స్ చూస్తాను. ఏడాదిగా నడుము నొప్పి, పిక్కలు లాగేస్తున్నాయి. రెయిలింగ్ పట్టుకోనిదే మెట్లెక్కలేను. పరీక్షలో డి విటమిన్ 11 ఉందని వారానికొక 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాశారు. రోజూ ఆరింటికే డాబా మీద సూర్యనమస్కారాలు చేస్తాను, అయినా ఎందుకు తగ్గింది? మావారికీ ఒళ్లు నొప్పులే. ఆయనకు ఇదివరకు కిడ్నీలో రాయి వచ్చింది. ఇవే ప్యాకెట్లు ఆయనా వాడొచ్చా?
- ఒక పాఠకురాలు, పటమట

జవాబు: సూర్యనమస్కారాలు మానకండి. కాకపోతే ఆరింటి లేత ఎండలో డి విటమిన్ తయారు కాదు. చర్మంలో దాన్ని తయారుచేయించేవి అతినీలలోహిత బి కిరణాలు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు అవి మనదాకా దాదాపు రావు. పొద్దుటి ఎండ మంచిదని పెద్దవాళ్లు అనేది నిజమే, ఈ ఒక్క పనికి తప్ప!

మీ నీడ మీకంటే పొట్టిగా ఉందా, చూసుకోండి. ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. రోహిణీ కార్తెలో మన ఊళ్లో తొమ్మిది దాటగానే నీడ పొట్టిదవుతుంది, వడదెబ్బ వేళ దాకా ఆగక్కర్లేదు. డిసెంబరులో మాత్రం 11 నుంచి ఒంటిగంట మధ్యే. ముంజేతులకు, పిక్కలకు తగిలేలా 20 నుంచి 30 నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు చాలు. చామనఛాయ ఒంటికి తెల్లటి చర్మం కన్నా ఎక్కువసేపే పడుతుంది. చర్మం చురుక్కుమంటే నీడకు వచ్చేయండి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు. మొహానికి చున్నీ, చేతులకు గ్లౌజులతో స్కూటీ మీద వెళ్లి, చీకటిపడేదాకా ఏసీ షాపులో కూర్చునేవాళ్లకు ఎండ ఊళ్లోనే ఉంటుంది, ఒంటిమీద ఉండదు.

పరీక్షలో 20 కన్నా తక్కువైతే లోపమే. డి లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి సరిగా ఒంటికి పట్టదు. దాంతో ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది, కండరాలూ నీరసిస్తాయి. మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. ప్రాణం పోయినట్టుంటే ఎముక మెత్తబడుతోందేమో మీ డాక్టరుకు చూపించండి. అన్ని నొప్పులూ దీని ఖాతాలో వేయకుండా థైరాయిడ్, బి12, షుగర్ కూడా చేయించండి.

ప్యాకెట్ వారానికి ఒక్కటే. మామూలుగా ఎనిమిది వారాలు ఇస్తాం. నెయ్యి, పెరుగు వేసుకుని భోంచేశాక తీసుకుంటే బాగా ఒంటబడుతుంది. "త్వరగా తగ్గుతుందని" రోజుకొకటి వేసుకుని, వాంతులు, మలబద్ధకం, ఆగని దాహంతో వచ్చినవాళ్లను చూశాను. రక్తంలో కాల్షియం మితిమీరితే జరిగేది అదే. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించి, తర్వాతి మోతాదు డాక్టరుతోనే తేల్చుకోండి.

తిండితోనే సరిపెట్టుకోవడం కష్టం. రోజుకు 600 యూనిట్లు కావాలి, ఒక గుడ్డు సొనలో 40 దాకా ఉంటాయి. కవళ్లు, కానాగంతల వంటి కొవ్వున్న సముద్రపు చేపలు నయం. పాల ప్యాకెట్ మీద 'ప్లస్ ఎఫ్' గుర్తుంటే అందులో డి కలిపారని అర్థం. రాగిజావలో కాల్షియం దండిగా ఉంది గానీ డి లేదు.

మీవారికి మాత్రం మీ ప్యాకెట్ ఇవ్వకండి. రాయి వచ్చిన మనిషికి ముందు డి, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. అవసరమైతే ఆయన మోతాదు ఆయనకు వేరుగా రాస్తారు.