నిద్రమందు సంగతి తర్వాత, రాత్రి కాపలా ఎవరిదో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మాకు ఏడేళ్ళ పాప, రెండున్నరేళ్ళ బాబు. వచ్చే నెల పది రోజుల సెలవులకు తూర్పు దిక్కున, మాకంటే ఎనిమిది గంటలు ముందుండే దేశానికి వెళ్తున్నాం. ఈసారి అత్తయ్యగారు, మామయ్యగారు కూడా వస్తున్నారు. కిందటేడు ఇలాంటి ప్రయాణంలోనే పిల్లలిద్దరూ నాలుగు రాత్రులు అర్ధరాత్రి లేచి తెల్లవారుజాము దాకా పడుకోలేదు. నేనొక్కదాన్నే వాళ్ళతో కూర్చున్నాను. మావారు పగలు కారు నడపాలని చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని పడుకునేవారు. పొద్దున్న ఎనిమిదింటికల్లా టూర్లు. నాలుగో రోజు పాప నడవనని రోడ్డు మీద కూర్చుంటే చెయ్యి చేసుకున్నాను. ఆయన అప్పుడే వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి, నా ఎదుటే, "దీనికి పిల్లల్ని సముదాయించడం కూడా రాదు" అన్నారు. విమానంలోనూ, దిగాక మొదటి మూడు రాత్రులూ పిల్లలకు ఇవ్వదగ్గ నిద్రమందు పేరు, మోతాదు చెప్పండి. ఆయనతో మాట్లాడితే గొడవవుతుంది. అత్తయ్యగారి చేత చెప్పిద్దామా అని ఆలోచిస్తున్నాను.

జవాబు: మందు పేరు చెప్పను. మోతాదు అసలే చెప్పను. జలుబు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి కొందరు పిల్లల్ని మత్తులో ముంచకపోగా, ఇంకా రెచ్చగొట్టి గంతులేయిస్తాయి. విమానంలో అలా జరిగితే మీరు చేయగలిగేది ఏమీ ఉండదు. ఎలర్జీకి, వాంతులకు వాడే ప్రొమెథజైన్ ఊపిరి మందగించేలా చేయగలదు. రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదని 2004 నుంచి అమెరికాలో ఆ మందు మీద గట్టి హెచ్చరిక ఉంది, ఆ వయసు దాటినవాళ్ళకూ జాగ్రత్త తప్పదు. మెలటోనిన్, అంటే చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే నిద్ర హార్మోను సంగతి మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి. ఇచ్చినా దాన్ని ఏ వేళకు ఇచ్చామన్నదే ముఖ్యం. వేళ తప్పితే శరీరాన్ని తప్పు దిక్కుకు తోస్తుంది. ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది.

ఇక మీరు అడగని సంగతి. మీ పిల్లలకు జబ్బేమీ లేదు, ఎనిమిది గంటల తేడాకు ఏ పిల్లలైనా అలాగే చేస్తారు. ఇబ్బందంతా ఆ నాలుగు రాత్రులూ ఒక్క మనిషి మీదే పడటంలో ఉంది. మీవారు అన్న మాటను మీరు ఒక్క వాక్యంలో రాసి మందు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగాను. నాలుగు రాత్రులు నిద్ర లేని మనిషిని పట్టుకుని, తాను నాలుగు రాత్రులూ నిద్రపోయి లేచినాయన ఆ మాట అనడం అన్యాయం. వాళ్ళమ్మగారికి చెప్పడం ఇంకా అన్యాయం.

అయితే ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ నాలుగు రాత్రుల్లో ఒక్కసారైనా ఆయన భుజం తట్టి "లేవండి, ఇప్పుడు మీ వంతు" అన్నారా? ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. బాబు ఏడుపు మొదలెట్టగానే ఆయనకు మెలకువ రాకుండా వాణ్ణి ఎత్తుకుని బాత్రూంలోకి వెళ్ళి ఉంటారని నా అనుమానం. అది అలవాటై, ఇప్పుడు అడిగితే గొడవవుతుందనే భయంగా మారింది. పిల్లలు ఇద్దరి పిల్లలైనప్పుడు రాత్రి కాపలా కూడా ఇద్దరిదీ. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

అత్తగారి చేత చెప్పించాలన్న ఆలోచన ఇప్పుడే మానుకోండి. పోయిన ఏడు ఆయన వాళ్ళమ్మగారికి ఫిర్యాదు చేశారు. ఇప్పుడు మీరూ ఆవిడ దగ్గరికే వెళ్తే మీ కాపురంలో తీర్పరి స్థానం ఆవిడకు మీ చేతులతో మీరే ఇచ్చినట్టు. పైగా పెద్దవాళ్ళకూ వేళలు తారుమారవుతాయి. రాత్రి మెలకువ వచ్చి ఆవిడ తనంతట తాను పాపతో కాసేపు కూర్చుంటే సంతోషం. డ్యూటీ మాత్రం వేయకండి.

మాట్లాడేముందు లెక్క మీ చేతిలో ఉండాలి. ఎందుకంటే మీవారు "అందరి పిల్లలూ సర్దుకుంటారు" అంటారు. మెదడులోని గడియారం కొత్త ఊరి వేళకు మారేది ప్రధానంగా కంటిలో పడే వెలుతురును బట్టి. తూర్పుకు వెళ్ళినప్పుడు అది రోజుకు సుమారు ఒక గంట కదులుతుంది, పడమరకైతే గంటన్నర. మన ఒంటి గడియారం సహజంగానే 24 గంటల కంటే కొంచెం పెద్దది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం. అందుకే తూర్పు ప్రయాణం ఎక్కువ బాధిస్తుంది. ఎనిమిది గంటల తేడా పూర్తిగా సర్దుకోవడానికి వారం పైనే పడుతుంది, సెలవు మొత్తమే పది రోజులు. కాబట్టి పూర్తిగా మార్చాలని తాపత్రయపడకుండా మొదటి నాలుగు రాత్రులు మనుషుల్లా గడపడం మీద దృష్టి పెట్టండి.

ఇంట్లో మీ పాప రాత్రి తొమ్మిదికి పడుకుని ఏడింటికి లేస్తుందనుకుందాం. అక్కడ రాత్రి తొమ్మిదంటే ఒంటికి మధ్యాహ్నం ఒంటిగంట. ప్రయాణపు అలసటకు ఏడెనిమిదింటికే పడి నిద్రపోతుంది గానీ అది ఒంటి లెక్కలో మధ్యాహ్నపు కునుకు, అర్ధరాత్రికల్లా మెలకువ. మూడింటికి ఆకలని ఏడుస్తుంది, ఎందుకంటే అది ఇంటి లెక్కలో సాయంత్రం ఏడు, అన్నం వేళ. అసలు నిద్ర ముంచుకొచ్చేది తెల్లవారుజామున అయిదింటికి. మీవారు టూర్ బుక్ చేసిన ఎనిమిది గంటలకు ఆ పిల్ల ఒంట్లో అర్ధరాత్రి. అర్ధరాత్రి నిద్రలేపి నడిపిస్తే రోడ్డు మీద కూర్చోక ఏం చేస్తుంది? ఆ రోజు కొట్టినందుకు పాపకు ఒకసారి "తప్పు నాదే" అని చెప్పండి. ఏడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

ఇంకో చోట చాలామంది బోల్తా పడతారు. "దిగగానే పొద్దున్నే ఎండలో తిప్పండి, సర్దుకుంటారు" అని అందరూ చెప్తారు. ఎనిమిది గంటలు తూర్పుకు వెళ్ళినప్పుడు మొదటి రెండు రోజులు ఇది బెడిసికొడుతుంది. మామూలుగా నిద్ర లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తగ్గుతుంది. ఆ క్షణం తర్వాత పడిన వెలుతురు గడియారాన్ని ముందుకు తోస్తుంది, మీకు కావలసింది అదే. దానికి ముందు పడిన వెలుతురు వెనక్కి లాగుతుంది. మీ పిల్లలకు ఆ క్షణం ఇంటి లెక్కలో తెల్లవారుజాము నాలుగున్నర ప్రాంతం, అంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. కాబట్టి మొదటి రోజు తొమ్మిది, తొమ్మిదిన్నరకు మెల్లగా లేపండి. మధ్యాహ్నం దాకా గదిలోనే, కర్టెన్లు సగం వేసి ఆడుకోనివ్వండి. బయటికి తీసుకెళ్ళక తప్పకపోతే టోపీ, చలువ కళ్ళజోడు. ఒంటిగంట తర్వాత రెండు మూడు గంటలు ఆరుబయట పరుగెత్తనివ్వండి. రెండో రోజు పదకొండున్నర నుంచి, మూడో రోజు పదిన్నర నుంచి, అలా రోజుకో గంట ముందుకు జరపండి. ఎనిమిదింటి టూర్ అయిదారు రోజుల తర్వాతే అర్థవంతం. బయల్దేరే ముందు మూడు రోజులు రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ముందుగా పడుకోబెట్టి, అంతే ముందుగా లేపి ఎండలో నిలబెడితే ఒక గంట కలిసొస్తుంది. అప్పుడు ఈ వేళలన్నీ ఒక గంట ముందుకు జరుపుకోండి.

పగటి కునుకు మానిపించొద్దు. నిద్ర లేక బాగా అలిసిపోయిన పిల్లలకు రాత్రి నిద్ర ఇంకా చెడుతుంది. బాబుకు గంటన్నర, పాపకు ముప్పావుగంట, ఇద్దరూ మూడున్నరకల్లా లేవాలి. లేపితే పది నిమిషాలు గుక్కపట్టి ఏడుస్తారు, ఏడవనివ్వండి.

ఇప్పుడు రాత్రి. విమానంలో ఎవరు ఎక్కువ నిద్రపోతే మొదటి కాపలా వాళ్ళది, రాత్రి తొమ్మిది నుంచి రెండున్నర దాకా. రెండో వాళ్ళది రెండున్నర నుంచి ఎనిమిది దాకా. మర్నాడు తారుమారు. గంట నువ్వు, గంట నేను అని ముక్కలు చేస్తే ఇద్దరికీ నిద్ర ఉండదు. నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకున్న మనిషే మర్నాడు పనికొస్తాడు. కాపలా లేని మనిషి పిల్లలు లేని గదిలో పడుకోవాలి. ఒకే గది అయితే కళ్ళకు మాస్క్, చెవులకు ఆ ఇయర్ ప్లగ్సే, కాకపోతే ఈసారి వంతులవారీగా. కాపలా ఉన్న మనిషి పెద్ద లైటు వేయకూడదు, ఫోన్ ఇవ్వకూడదు, ఎందుకంటే అర్ధరాత్రి వెలుతురు కూడా గడియారాన్ని వెనక్కే లాగుతుంది. మూలన చిన్న పసుపు దీపం చాలు. ముందు ఇరవై నిమిషాలు పక్క మీదే జోకొట్టి చూడాలి. లాభం లేకపోతే నేల మీద చప్పుడు చేయని ఆటలు ఒక గంట, మళ్ళీ పక్క మీదికి. తిండి ఒక్కసారే, కొంచెమే: అరటిపండు, కాసిని పాలు. అడిగినప్పుడల్లా పెడితే కడుపు కూడా ఆ వేళకే అలవాటు పడుతుంది. మూడో రాత్రి నుంచి నీళ్ళతో సరిపెట్టండి.

ఇక మీవారు తప్పకుండా చెప్పే సాకు: "నేను కారు నడపాలి." ఇది మంచి కారణమే, కానీ దాని అర్థం ఆయన అనుకున్నది కాదు. ఏకబిగిన పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు కొలిచి చూపారు. సుదూర ప్రయాణం చేసి దిగిన రోజు ఎవరూ స్టీరింగ్ పట్టకూడదు. మొదటి మూడు రోజులు క్యాబ్. కారు అద్దెకు నాలుగో రోజు నుంచి తీసుకోండి. దాంతో ఇయర్ ప్లగ్స్‌కు కారణం పోతుంది.

ఈ మాట ప్రయాణానికి రెండు వారాల ముందే, పిల్లలు పడుకున్నాక, బుకింగ్‌లు ముందు పెట్టుకుని మాట్లాడండి. ఎయిర్‌పోర్టులో కాదు, అత్తగారి ఎదుట అంతకన్నా కాదు. పోయిన ఏటి పురాణం ఎత్తకండి, ఒక్క మాట తప్ప: "పిల్లల విషయంలో నాతో ఏదైనా అనాలంటే నాతోనే అనండి, అత్తయ్యగారితో కాదు." తర్వాత నేరుగా పనిలోకి దిగండి. మొదటి అయిదు రోజుల పొద్దుటి టూర్లు రద్దు, లేదా మధ్యాహ్నానికి మార్పు. రాత్రి వంతులు కాగితం మీద. క్యాబ్. బతిమాలే గొంతు వద్దు, "మీకు వీలైతే" అనే మాట వద్దు. అవి మీరు అడుగుతున్న సాయాలు కావు.

ఆయన "డబ్బు కట్టేశాను, టూర్ రద్దు చేయను" అంటే అభ్యంతరం చెప్పకండి. ఆయన, అత్తగారు, మామగారు ఎనిమిదింటికి వెళ్ళిరావచ్చు. మీరూ పిల్లలూ మధ్యాహ్నానికి కలుస్తారు. అలిగి కాదు, పిల్లల నిద్ర కోసం. ఆ మాట ఇప్పుడే, మామూలు గొంతుతో చెప్పేయండి. వంతులకు కూడా ఒప్పుకోకపోతే? మొదటి రాత్రి రెండున్నరకు బాబును ఆయన పక్కన కూర్చోబెట్టి మీరు పడుకోండి. వాడికి దెబ్బేం తగలదు, తండ్రి దగ్గరే కదా ఉన్నాడు.

విమానం గురించి రెండు ముక్కలు. దిగడానికి అరగంట ముందు పిల్లల్ని లేపి నీళ్ళో పాలో మెల్లగా తాగిస్తూ ఉండండి, నిద్రలో మింగడం తగ్గుతుంది కాబట్టి చెవిపోటు రావచ్చు. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళిస్తూ ఉండాలి.

తిరుగు ప్రయాణం పడమరకు, కొంచెం సులువు. ఇంటికొచ్చాక సాయంత్రం అయిదింటికే తూలిపోతారు. ఏడున్నర దాకా వెలుతురులో ఆడించి ఆపండి, లేకపోతే మూడింటికి కోడి కంటే ముందు లేస్తారు. బడి తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు ఇల్లు చేరేలా టికెట్లు చూసుకోండి. "మర్నాడే నాకు ఆఫీసు" అని మీవారు మళ్ళీ ఇయర్ ప్లగ్స్ తీస్తే, పది రోజులు అక్కడి వేళకు అలవాటు పడ్డ ఒంటికి ఆ తెల్లవారుజాము మూడు గంటలంటే పగలు పదకొండు. ఆయనకూ నిద్ర రాదు. దుప్పటి కప్పుకుని ఫోన్ చూసుకునే బదులు లేచి పాలు కలపమనండి.