పాత సిటీ వీటెక్ కొనాలా, జెడ్‌ఎక్స్ కొనాలా? రెండూ నడిపినవాడి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒంగోల్లో 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ ఒకటి, నెల్లూర్లో 2007 మోడల్ సిటీ జెడ్‌ఎక్స్ వీటెక్ ఒకటి చూసి పెట్టుకున్నావు. ధరలో పెద్ద తేడా లేదు. రోజూ కావలి నుంచి నెల్లూరుకి ఆఫీసుకు వెళ్ళి రావాలి. ఇంట్లో వేరే కారు లేదు. మనసు మాత్రం పాతదాని మీదుంది. అంతేగా?

జెడ్‌ఎక్స్ తీసుకో. "ఇంట్లో వేరే కారు లేదు" అని నువ్వే రాశావు చూడు, నా జవాబు ఆ ఒక్క మాటను బట్టే. అలాగని పాతదంటే పడనివాణ్ణి అనుకోవద్దు. 2014లో లక్షా నలభై వేలకు 2001 వీటెక్ కొని ఐదేళ్ళు నడిపాను. తర్వాత కొన్న 2006 జెడ్‌ఎక్స్ వీటెక్ ఇప్పటికీ ఇంటి ముందుంది. పాతది అమ్మిన రోజు అన్నం సయించలేదంటే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

ముందు నీ మనసు ఎందుకు అటు లాగుతోందో అది మాట్లాడుకుందాం, ఎందుకంటే అది అబద్ధం కాదు. సిటీ మన దేశానికి 1998లో వచ్చింది. 2000లో వచ్చిన వీటెక్ ఇంజిను 1493 సీసీ, బలం 106 బీహెచ్‌పీ. ఆ రోజుల్లో ఆ ధరలో అంత పరిగెత్తే కారు దాదాపు లేదు. 2003 చివర్లో కొత్త తరం వచ్చేసరికి కంపెనీ మైలేజీ వైపు తిరిగి, 77 బీహెచ్‌పీ ఐడీఎస్ఐ ఇంజిను పెట్టింది. స్పీడు పిచ్చి ఉన్నవాళ్ళు అప్పట్లో తిట్టని తిట్టు లేదు. తర్వాత 100 బీహెచ్‌పీ వీటెక్ కూడా తెచ్చారు, 2005లో ముఖం మార్చి జెడ్‌ఎక్స్ అన్నారు.

కాగితం మీద 106కీ 100కీ తేడా ఎంత? ఆరు. కానీ నడిపితే రెండూ వేర్వేరు జాతులు. వీటెక్ అంటే ఇదీ: ఇంజిను వాల్వుల్ని తెరిచే క్యామ్‌కి మామూలు నడకకి ఒక ఎత్తు, పరుగుకి ఇంకో ఎత్తు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగాక ఆయిల్ ప్రెజర్ ఒక చిన్న పిన్నును నెట్టి, వాల్వుల్ని ఆ పెద్ద ఎత్తుకు కలుపుతుంది. పాతదాంట్లో ఇది ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు బాగా పైకెళ్ళాక జరుగుతుంది, జరిగినట్టు చెవికీ తెలుస్తుంది, వీపుకీ తెలుస్తుంది. ఉలవపాడు మామిడికాయల కొట్లు దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తొక్కి చూడు, అప్పటిదాకా గొణుగుతున్న ఇంజిను ఒక్కసారి గొంతు మారుస్తుంది. జెడ్‌ఎక్స్‌లో అదే వీటెక్ కింది వేగాల్లో పెట్రోలు పొదుపు కోసం పనిచేస్తుంది. ఎప్పుడు మారిందో కూడా తెలియదు. పికప్ బాగానే ఉంటుంది, గొంతు మాత్రం మారదు. స్టీరింగ్ కూడా అంతే. పాతది హైడ్రాలిక్, రోడ్డు మీద గులకరాయి చేతికి తగులుతుంది. జెడ్‌ఎక్స్‌ది ఎలక్ట్రిక్, వేలితో తిప్పొచ్చు కానీ కింద ఏముందో చెప్పదు.

ఇక నేను చేసిన తప్పు చెబుతా. నా పాతది కొన్నది సముద్రం పక్క ఊళ్ళో రొయ్యల చెరువులున్న ఒకాయన దగ్గర. పెయింటు అద్దంలా మెరుస్తోంది. ఇంజిను స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. నేను బానెట్ ఎత్తి పది నిమిషాలు చూశాను, డిక్కీ తెరిచి పది సెకన్లు కూడా చూడలేదు. ఇంటికొచ్చాక డిక్కీలో కార్పెట్ ఎత్తితే గుప్పున రొయ్యల మేత వాసన. స్టెప్నీ తీశాను. కింద గుంటలో నాలుగు వేళ్ళ లోతు గోధుమరంగు నీళ్ళు, అడుగున ఇసుక. ఆ ఇసుక తీస్తూంటే స్క్రూడ్రైవర్ మొన రేకులోంచి కిందికి దిగిపోయింది. కింద నేల కనిపించింది తమ్ముడూ! టింకరింగ్ పనికి ముప్పై ఎనిమిది వేలు అయింది, అదీ రెండు దఫాలుగా. ఇంజినుకు ఐదేళ్ళలో అంత పెట్టలేదు.

అందుకే చెబుతున్నా, మన వైపు పాత కారు కొనేవాడు ఇంజిను కంటే ముందు రేకు చూడాలి. కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండికి ఉప్పుగాలి లోపల్నుంచి తింటుంది, పైన పుట్టీ వేసి పెయింటు కొట్టేస్తారు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళు. డోర్ల కింది అంచులు, వెనక చక్రాల పైన వంపు, స్టెప్నీ గుంట, ఈ మూడు చోట్లా పెట్టు. పట్టుకోకుండా జారిందంటే కింద రేకు లేదు, పుట్టీ ఉంది. చీమకుర్తి వైపు తిరిగిన బండైతే తుప్పు తక్కువే, కానీ గ్రానైట్ దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు ఎలా ఉందో, ఆ రోడ్డుకు సస్పెన్షన్ బుష్‌లు ఎలా ఉన్నాయో చూసుకో.

నేను పాతది అమ్మింది తుప్పుకు కాదు, అమ్మ మోకాళ్ళకు. పెంచలకోన తీసుకెళ్ళిన రోజు గుడి దగ్గర దిగబోయి దిగలేక, డోరు పట్టుకుని నిలబడి, "ఒరే, ఇది కారులో కూర్చున్నట్టు లేదురా, పీట మీద కూర్చుని లేచినట్టుంది" అంది. నిజమే, పాత సిటీ సీట్లు అంత కిందికి ఉంటాయి, నడిపేవాడికి అదే సరదా. జెడ్‌ఎక్స్‌లో పెట్రోల్ ట్యాంకు ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి సీట్లు ఎత్తుగా వచ్చాయి, వెనక కాళ్ళకీ, డిక్కీకీ చోటు కలిసొచ్చింది. నెల్లూర్లో వానాకాలం అండర్‌బ్రిడ్జిల్లో నీళ్ళు, ఊళ్ళో స్పీడ్‌బ్రేకర్లు నీకు తెలియనివి కావు. నలుగురు ఎక్కితే పాతది ప్రతి బ్రేకరుకీ కడుపు రాసుకుంటుంది. ఏటవాలుగా ఎక్కించడం నీకు వారంలో అలవాటైపోతుంది, వెనకాల ఆటోవాడి హారన్ మాత్రం అలవాటు కాదు.

రోజువారీ నమ్మకం సంగతికొస్తే, పాత ఇంజినులో వాల్వుల్ని వేళకు తెరిపించే టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని హెడ్డు పని పడుతుంది. "మొన్ననే మార్చాం సార్" అని అందరూ అంటారు. బిల్లు చూపించలేదా, మార్చలేదనే లెక్క వేసుకుని, వాటర్ పంపుతో కలిపి ఆ డబ్బు ధరలో తగ్గించమను. జెడ్‌ఎక్స్‌లో టైమింగ్ చైను, ఆయిల్ వేళకు మారుస్తుంటే దాని జోలికి వెళ్ళక్కర్లేదు. పాతదాంట్లో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ళ వయసుకి దాంట్లో ఏదో ఒకటి వేడికి మొరాయిస్తుంది. నాకు మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి ముసునూరు టోల్‌గేట్ దాటాక ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిను అందుకోదు. చెట్టు కింద గంటన్నర కూర్చున్నాక, చల్లబడి తనంతట తనే స్టార్టయింది! షెడ్డు భాయ్ నాలుగు రోజులు వెతికాడు, చివరికి చెన్నైలో పాత సామాన్ల బజారు పుదుపేట వెళ్ళి సెకండ్ హ్యాండు డిస్ట్రిబ్యూటర్ తెచ్చుకున్నాను. అది ఆదివారం పని కాబట్టి నాకు సరదాగానే ఉంది. సోమవారం తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండాల్సిన నీకు అది టెన్షన్. జెడ్‌ఎక్స్ సామాన్లు కూడా షోరూంలో అన్నీ దొరకవు ఇప్పుడు, కానీ ఆ మోడల్ చాలా అమ్ముడుపోయింది కాబట్టి ఆటోనగర్‌లో రెండు ఫోన్లు చేస్తే ఏదో ఒక దారి ఉంటుంది.

నెల్లూరు జెడ్‌ఎక్స్ చూడబోయే ముందు ఒక మోసం గురించి తెలుసుకో. ఐడీఎస్ఐ బండికి వెనకాల వీటెక్ స్టిక్కర్ అంటించి అమ్ముతుంటారు. ఆర్‌సీలో సీసీ చూస్తే తెలియదు, రెండూ 1497 సీసీలే. బానెట్ ఎత్తు. ఐడీఎస్ఐలో ఒక్కో సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులుంటాయి, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ రెండు వరుసల్లో కనిపిస్తాయి. వీటెక్‌కి నాలుగే, ఒక్కటే వరుస. ఐడీఎస్ఐ చెడ్డ ఇంజిను అనడం లేదు, మైలేజీకి అదే మేలు. కానీ నువ్వు 100 బీహెచ్‌పీకి డబ్బులిచ్చి 77 ఎందుకు తెచ్చుకోవాలి?

కాగితాలు. రెండు బండ్లూ పదిహేనేళ్ళు దాటినవే, కాబట్టి ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. పాతది ఎలాగూ ఇరవై దాటేసింది, జెడ్‌ఎక్స్ ఆ గీతకు దగ్గర్లో ఉంది. ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. చెన్నై నుంచి వచ్చిన తమిళనాడు బండైతే అక్కడి ఆర్‌టీవో ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి, చవకగా వస్తోందని మురిసిపోవద్దు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఏపీ 26, ఏపీ 27 నంబర్ల బండ్లయితే ఈ తలనొప్పి ఉండదు.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ రెండు కార్లూ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఏది కొన్నా మొదటి సర్వీసులోనే పెట్రోల్ పైపులు, రబ్బరు వాషర్లు కొత్తవి వేయించుకో. నెలల తరబడి ట్యాంకు నింపి పక్కన పెట్టొద్దు.

నీళ్ళ విషయం కూడా చూడు. మన బోరు నీళ్ళు పోసీ పోసీ రేడియేటరు లోపల సున్నం కట్టి ఉంటుంది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి వేలు పెట్టు. పచ్చగానో నీలంగానో కూలెంట్ కనిపిస్తే సరే. తుప్పు నీళ్ళో, తెల్లటి పొట్టో కనిపిస్తే ఎండాకాలం నీకు హైవే మీద విశ్రాంతి గ్యారంటీ.

ఇంత చెప్పినా నువ్వు ఒంగోలుదే తెస్తావని నాకు అనుమానం ఉంది, ఇరవై ఏడేళ్ళ వయసులో నేనూ అంతే. అలాగైతే రెండు పనులు చెయ్యి. బండి చూడ్డానికి పొద్దున్నే ఏడింటికి వెళ్ళు, నువ్వెళ్ళేదాకా ఇంజిను స్టార్ట్ చేయొద్దని రాత్రే ఫోన్ చేసి చెప్పు. చేత్తో బానెట్ ముట్టుకున్నప్పుడు వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారు. రెండోది, వీటెక్ నిజంగా పని చేస్తోందో లేదో రోడ్డు మీద చూసుకో. ఆయిల్ తక్కువైనా, మడ్డి పట్టి వీటెక్‌కి ఆయిల్ వదిలే సోలెనాయిడ్ జాలీ మూసుకుపోయినా ఆ రెండో గొంతు రాదు. అప్పుడు అది 106 బీహెచ్‌పీ బండి ధరకు అమ్ముతున్న మామూలు పాత కారే. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకు తుడిచి కూడా చూడు.

వెళ్ళినప్పుడు స్టెప్నీ బయటికి తీయించి, ఆ గుంట ఫొటో టార్చి వేసి తీసి ఇక్కడ పెట్టు. ఇంజిను ఫొటోలు అక్కర్లేదు.